ఒక గొలుసు తక్కువ

గంజి పెట్టిన నూలు బట్ట ఇస్త్రీ పెట్టె కింద వేడెక్కే వాసన వస్తే ఇప్పటికీ చేతిలో పని వదిలేసి కాసేపు అలాగే కూర్చుండిపోతాను. నరసరావుపేటలో మా వీధి మొగలో బండి మీద ఇస్త్రీ చేసే అతను పొద్దున్నే బొగ్గులు రాజేస్తాడు, కాసేపటికి ఆ వాసన మా మేడ మీదికి వస్తుంది. ముప్పై ఏళ్లు బడిలో ఆడపిల్లలకు కుట్టుపనీ లేసు అల్లికా నేర్పినదాన్ని. ఈ వేళ్లు ఇక సూది పట్టలేవు, పట్టాలని కోరికా లేదు. అలసిపోయాను. అయినా ఆ వాసన ఊరుకోదు, నన్ను మా రెంటచింతలకు లాక్కుపోతుంది.

మా ఊరి ఎండల సంగతి చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. ఈస్టరుకు ముందు తపస్సు కాలం వచ్చేసరికి కళ్ళాల నిండా మిరపకాయలు ఎర్రగా ఎండుతుండేవి, గాలి ఇటు తిరిగిందంటే గుళ్లో ప్రార్థన చెప్పే ఫాదరుగారి దగ్గర్నుంచి చంకలో పిల్లదాకా అందరూ తుమ్మేవాళ్లు. నీసు ముట్టని ఆ నలభై రోజులూ జొన్నన్నంలోకి గోంగూరా చింతకాయ తొక్కూ తిని తిని నాలుక మొద్దుబారిపోయేది. అమ్మ తెల్లారకముందే చద్దన్నం తిని కాయ కోతకు వెళ్లి, మధ్యాహ్నానికి మండుతున్న చేతులతో వచ్చి వాటిని చల్లలో ముంచుకుని కూర్చునేది. ఎవరి కళ్ళంలో జొన్నలు కొలవాలన్నా అమ్మనే పిలిచేవారు. ఒకటి అనకుండా లాభం అనడం మా వైపు అలవాటు. "లాభం, రెండు, మూడు" అంటూ అమ్మ మానికతో పోస్తుంటే ఒక్క గింజ తేడా రాదని పేరు.

నాకు పదేళ్లప్పుడు, ఆ ఈస్టరు తర్వాతి ఆదివారం, మొదటి సత్ప్రసాదం తీసుకోవాలి. తెల్ల ముసుగు వేసుకోవాలి, దాని అంచుకు లేసు ఉండాలి. మఠంలో ఒక సిస్టరమ్మ పెంకుల వసారాలో మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, కుంకుడు నురగతో చేతులు కడిగించి, మొన వంగిన సన్నటి సూదీ తెల్ల దారపు ఉండా ఇచ్చి నేర్పేది. ముందు గొలుసులు అల్లాలి, ఐదేసి గొలుసులను ఒక వంపుగా మలచి బిగించాలి, మళ్లీ ఐదు. ఎక్కడ తప్పు కనిపించినా మొదటిదాకా ఊడదీయించేది. నా చేత ఎన్నిసార్లు ఊడదీయించిందో, చివరికి నా దారం కుడితినీళ్ల రంగుకొచ్చింది.

ఒకనాడు మధ్యాహ్నం అమ్మ నా పక్కన చతికిలబడింది.

"ఏమే, నాకూ చూపియ్యవే. నీ ముసుగు అంచు నేనే అల్లుతా. అందరూ నిన్నే చూస్తారు గదా ఆ రోజు."

అమ్మకి తన చేత్తో ఒక అందమైన వస్తువు చేసే తీరిక అంతకుముందెప్పుడూ దొరకలేదు. నేను చీపురుపుల్ల పట్టుకుని, సిస్టరమ్మ లాగే మెడ నిటారుగా పెట్టి పాఠం మొదలుపెట్టాను. పగిలిన వేళ్లకు దారం చిక్కుకునేది, అమ్మ మెల్లగా విడదీసుకుని మళ్లీ అల్లేది, పెదవుల మీద "లాభం, రెండు, మూడు" నడుస్తూనే ఉండేది. నేను నవ్వేదాన్ని. "ఇది జొన్నలు కాదమ్మా" అని పుల్లతో మోకాలి మీద తట్టేదాన్ని. అమ్మ కూడా నవ్వేది.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టలాదివారం వెళ్లేసరికి మూరన్నర అయింది. సిస్టరమ్మ ఇచ్చిన నమూనా పక్కన పెట్టి చూశాను. ప్రతి వంపులోనూ ఐదుకు బదులు నాలుగే గొలుసులున్నాయి.

"తప్పమ్మా. ఒకటి తక్కువుంది."

"ఎంచే అల్లినానే."

"తప్పంటే తప్పే" అని కొస పట్టుకుని లాగేశాను. అమ్మ మూడు వారాల కష్టం నా ఒళ్లో వంకర దారంగా కుప్పపడింది. అమ్మ "చానా బిరీన పోయిందే" అని లేచి, గంప తీసుకుని కోతకు వెళ్లిపోయింది. మళ్లీ సూది ముట్టలేదు.

ఆ దారంతోనే నేను అల్లాను. సిస్టరమ్మ మెచ్చుకుంది, ముసుగుకు గంజి పెట్టి బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసిచ్చింది. ఆదివారం గుడి బయట అత్తలూ పిన్నులూ ముసుగు అంచు పట్టుకుని ఎవరల్లారని అడిగితే, "మా పిల్లేనమ్మా. నాకు చాతగాలా" అంది అమ్మ. నేను పొంగిపోయాను.

చాలా ఏళ్ల తర్వాత, నేను టీచరునయ్యాక, ఒక రైతు ఇంటి పిల్ల తన అల్లిక తెచ్చి బల్ల మీద పరిచింది. ప్రతి వంపులోనూ ఒక గొలుసు తక్కువ. ఎలా ఎంచావో చూపించమన్నాను. సూది మీద ఎప్పుడూ ఒక ముడి ఉంటుంది, దాన్ని లెక్కలో వేసుకోకూడదు. ఆ పిల్ల దాన్నే "లాభం" అని, తర్వాతి గొలుసును రెండంటోంది. ఊడదీయమని చెప్పబోతూ లేసు వైపు చూశాను. వంపులన్నీ ఒక్క కొలతలో, నమూనా కంటే దగ్గరగా, ముద్దుగా ఉన్నాయి. అందులో తప్పేమీ లేదు. మా అమ్మా ఇలాగే ఎంచింది.

ఆ సెలవులకు ఊరెళ్లి అమ్మకి చెప్పాను, నీ లేసు తప్పు కాదమ్మా అని. అప్పటికి అమ్మ చూపు మందగించింది.

"తెలుసులేవే" అంది. "అన్నీ ఒక్క తీరుగానే ఉండె గదా. కొలిచేదాన్ని, నాకు తెల్దా?"

"మరి అప్పుడు చెప్పలేదేం?"

"నువ్వు పంతులమ్మ మాదిరి కూర్చుని చెప్తుంటే చానా ముచ్చటేసిందే. నీ మాట కొట్టెయ్యబుద్ధి కాలా."

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ మాత్రం అన్నానికి లెమ్మంది.

ఇప్పుడు అమ్మ లేదు. మఠం వసారా తీసేసి డాబా కట్టారు, సూది పట్టే పిల్లలూ లేరు, అంచులు కొట్లో మీటర్ల చొప్పున కోసిస్తారు. నా చేతుల మీదుగా ఎన్ని గజాల లేసు పోయిందో, అందులో ఒక్కటీ గుర్తు లేదు. గుర్తున్నది ఆ మూరన్నరే. దాన్ని నేనే ఊడదీశాను.