ఎర్ర అంగి మీద పోయిన పోటీ

డిగ్రీ అయ్యాక రెండేళ్లు ర్యాప్ అంటూ తిరిగాను. హన్మకొండలో మాకు బట్టల దుకాణం ఉంది, నేను అందులో కూర్చోవాలని నాన్న పట్టు. చివరికి ఓపిక నశించి ఒక మాట అన్నాడు.

"ఆదివారం ఆ తిట్ల పోటీల గెలువు, నీ ఇష్టమున్నట్టు పాడుకో. ఓడినవా, దుకాణంల కూసోవాలె. మల్ల మైకు ముట్టద్దు."

సరే అన్నాను. ఆ మనిషితో వాదించి నెగ్గినవాడు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు.

పోటీ వరంగల్‌లో, ఒక ఫంక్షన్ హాల్లో, మిట్టమధ్యాహ్నం. నన్ను స్కూటర్ మీద తీసుకొచ్చిన నాన్న రెండో వరుసలో కూర్చున్నాడు. మూడు రౌండ్లు. ప్రాస కట్టి ఎదుటివాణ్ని తిట్టాలి, చప్పట్లు ఎవరికి ఎక్కువ పడితే వాడిదే గెలుపు. నా ఎదుట ఇంజనీరింగ్ చదివే కుర్రాడు, ఎర్ర అంగి, నల్ల కళ్లద్దాలు. సగం ఇంగ్లీషు, సగం తెలుగు, కుట్టుమిషన్ తొక్కినట్టు ఆపకుండా పాడాడు.

"మైకు నా వెపన్, నువ్వు ఫుల్ టైమ్ ఫూల్,
బట్టలు మడతపెట్టేటోనికి స్టేజెందుకు, ఎక్కు స్టూల్."

నా ఖర్మ ఏమిటంటే, నేను కౌంటర్ వెనక పెరిగినవాణ్ని. కొనడానికొచ్చిన గిరాకీ చిన్నవాడైనా "అన్నా" అనాలి, ఏమన్నా నవ్వుతూ తలూపాలి. అలవాటు కొద్దీ తలూపాను. "అవునన్నా" అని మైకులోనే అన్నాను. హాలంతా పడీ పడీ నవ్వింది. మొదటి రౌండు అక్కడే పోయింది. నా మీద నాకే ఒళ్లు మండింది.

ఇక రెండో రౌండులో సిగ్గు వదిలేసి, వచ్చిన విద్యే చూపించాను. దుకాణంలో గిరాకీని కూర్చోబెట్టినట్టు, నిదానంగా మొదలుపెట్టాను.

"రా అన్నా, కూసో అన్నా, నీ మాలు జర చూపు,
పైన చూస్తె మెరుపున్నది, లోపటంత చీపు.
ఆ ఎర్రంగి ఎవలిచ్చిండ్రన్నా, నిన్ను ముంచిండ్రు,
ఒక్క ఉతుకుకు పోయే రంగు నీకంటగట్టిండ్రు."

ఈలలే ఈలలు. కుర్రాడి ముఖం వాడిపోయింది. గెలిచేశాననుకున్నాను.

అంతలో రెండో వరుసలోంచి నాన్న లేచాడు. "ఆగురా. ఆ అంగి మొన్న నేనే ఇచ్చిన. రంగు పోదది."

నాన్న స్టేజీ ఎక్కి, జేబులోంచి తెల్ల రుమాలు తీసి, నీళ్ల సీసాతో తడిపి, కుర్రాడి చేయి పట్టుకుని అంగి మీద బరబరా రుద్దాడు. దుకాణంలో అనుమానపు గిరాకీకి రోజూ చూపించే పనే అది. రుమాలు ఎత్తి హాలంతటికీ చూపించాడు. మల్లెపువ్వులా ఉంది.

"పోతే తీస్కరా బిడ్డా, మార్చిస్త" అని కుర్రాడి భుజం తట్టి దిగిపోయాడు.

మూడో రౌండులో కుర్రాడు ఒకటే అన్నాడు. "మీ నాయిన గ్యారంటీ నాకున్నది, నీకేమున్నది?" చప్పట్లకు పైకప్పు లేచిపోతుందనుకున్నాను. నేను రాసుకున్నదంతా మరిచిపోయి గుడ్లప్పగించి నిలబడ్డాను.

ఇంటికి వెళ్తూ స్కూటర్ వెనక కూర్చున్నాక కోపం ఆగలేదు. "నువ్వే ఓడగొట్టినవ్ నాయినా. గా ఒక్క నిమిషం కూసుంటె ఏం పోతుండె?"

"గిరాకీ ముంగట మన మాలును మనమే తిట్టుకుంటమారా?"

"మరి రేపటి సంది దుకాణమేనా?"

కొంతదూరం పోయాక నాన్న స్కూటర్ నెమ్మది చేశాడు.

"మల్ల ఎప్పుడున్నది ఈ పోటీ?"

"నీకెందుకు?"

"అంగి సంగతి వేరు. నా ముంగటనే నా కొడుకును అన్నన్ని మాటలన్నడు వాడు. ఇంటికి పోయినంక కాయితం తియ్యి. నేను చెప్త, నువ్వు రాస్కో."