మలుపు ముందరి మామిడి మండలు

వైశాఖం వచ్చిందంటే నూజివీడులో మా ఇంటి ముందరి రోడ్డుకు ఒక వాసన పట్టుకుంటుంది. తోటల్లోంచి కాయలు నింపుకుని మార్కెట్టుకు పోయే లారీలు దారి పొడవునా గడ్డిపోచలను, రాలిన ఆకులను, తొడిమలనుండి కారిన సొన ఘాటును విడిచిపోతాయి. వెచ్చబడిన వరిగడ్డిలో పచ్చిమామిడి సొన కలిసిన ఆ వాసనకు కొందరికి ఆవకాయ జాడీలు గుర్తుకు రావచ్చు. నాకు మాత్రం ఒక మనిషి గుర్తుకు వస్తాడు. ఈ ఉదయం గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నప్పుడు ఒక లారీ ఎదురుబండికి దారి ఇవ్వడానికి మా ప్రహరీ పక్కనే కాసేపు ఆగింది. దాని చెక్కల సందుల్లోంచి ఆ వాసన ఒక్కసారిగా నా మీదికి వచ్చింది. కాఫీ చల్లారిపోతున్నదని మా ఇంటావిడ రెండుసార్లు చెప్పవలసివచ్చింది.

ఆయన పేరు దేవసహాయం. విస్సన్నపేట దగ్గరి పల్లె. ముప్ఫై ఏళ్ళకు పైబడి లారీ నడిపినవాడు. నేను హైవే గస్తీ బండిలో ఎస్సైగా ఈ ప్రాంతానికి వచ్చేనాటికి ఆయనకు నాకంటె ఆరేడేళ్ళు ఎక్కువే ఉంటాయి. నా చదువు ప్రాచ్య కళాశాలలో సాగింది. వ్యాకరణమూ ఛందస్సూ వల్లెవేసి ఏదో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా స్థిరపడవలసినవాణ్ణి, ఇంటి పరిస్థితుల వల్ల పోలీసు ఉద్యోగంలో చేరాను. చదువు వల్ల నాకు రెండు అలవాట్లు మిగిలాయి. ఒకటి, ఏ వస్తువైనా పొందికగా ఉండాలన్న పట్టుదల. రెండవది, నేను రాసిన వాక్యం మీద నాకే ఉన్న మమకారం. లారీ డ్రైవర్ల విషయంలో నా అభిప్రాయం మాత్రం సామాన్యమైనదే: వారందరూ ఇంకా పట్టుబడని ముద్దాయిలని అనుకునేవాణ్ణి.

చేరిన తొలి నెలలోనే ఒక రోజు మా జీపు వెనుక ఒక లోడు లారీ అదేపనిగా హారను మోగిస్తూ, పట్టపగలు లైట్లు వేసి ఆర్పుతూ వచ్చింది. పోలీసు బండినే పక్కకు తప్పుకోమంటున్నాడని నాకు మండింది. జీపు ఆపించి దిగాను.

"ఏమయ్యా, మాకే హారను కొడుతున్నావు? దారి కావాలా?"

"దారి అక్కర్లేదండీ. మీ వెనక తలుపు తెరుచుకుపోయింది. ఆ ఎర్ర టోపీలు రాలిపోతున్నాయి. రెండు ఏరుకొచ్చాను. మూడోది కాలవలో పడింది, దొరకలేదు."

చూస్తే, రోడ్డు మీద అడ్డుపెట్టడానికి మేము వాడే ఎర్రని గరాటాలు రెండు ఆయన క్యాబిన్లో, సీటు మీద ప్రయాణికుల్లా కూర్చుని ఉన్నాయి. జీపు నడిపే కానిస్టేబులు కోటయ్య నవ్వు దాచుకోవడానికి అటు తిరిగి తలుపు బిగించసాగాడు. అక్కడితో వదలినా మర్యాదగా ఉండేది. అయినా సరే నేను కాగితాలు చూపించమన్నాను. అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఆయన వాటిని మడిచి జేబులో పెట్టుకుని, "ఉంటానండి. ఆగితే కాయ వేడెక్కుద్ది," అని వెళ్ళిపోయాడు. గడ్డిలో పేర్చిన మామిడికాయ ఎండలో నిలబడితే లోలోపల ఉడికి పాడవుతుందనీ, అందుకే మామిడి లారీ దారిలో ఆగదనీ కోటయ్య తరువాత చెప్పాడు.

ఆ వేసవిలోనే అసలు సంగతి జరిగింది. విస్సన్నపేట నుండి నూజివీడు వస్తుంటే చాట్రాయికి చీలే దారి దాటగానే రోడ్డు పల్లంలోకి దిగుతూ ఒక మలుపు తిరుగుతుంది. రెండు వైపులా తోటలే కనుక మలుపు అవతల ఏమున్నదీ కనబడదు. ఒక మధ్యాహ్నం ఆ చీలిక దగ్గరికి వచ్చేసరికి తారు మీద నాలుగైదు మామిడి మండలు పడి ఉన్నాయి. ఆ రోజుల్లో రోడ్డంతా రాలిన మామిడి ఆకూ రొట్టానే. అంతకు ముందు రోజే ఒక మోటారు సైకిలు ఆకుల మీద జారి ఒకతనికి చేయి విరిగింది. అందుచేత నేనే దిగి ఆ మండలను తీసి మార్జినులో పెట్టాను. "కొట్టేసిన మండల్లా ఉన్నాయండి," అని కోటయ్య అననే అన్నాడు. "ఏవైతేనేమి, రోడ్డు శుభ్రంగా ఉండాలి," అన్నాను. ఇంతలో చాట్రాయిలో ట్రాక్టర్ల తగాదా అని ఫోను వచ్చింది. మలుపు వైపు వెళ్ళకుండా అటునుంచి అటే చాట్రాయి దారి పట్టాము.

మూడు పావుగంటల తరువాత తిరిగి వచ్చేసరికి మలుపు మొదట్లో ఒక మామిడి లారీ రోడ్డుకు అడ్డంగా, ఏటవాలుగా నిలబడి ఉంది. దాని వెనుక ఒక బస్సు, ఆ వెనుక మరి పది బండ్లు. అందరూ హారన్లు మోగిస్తున్నారు. అడ్డంగా ఉన్న లారీ దేవసహాయానిది.

"రోడ్డు నీ సొంతమనుకున్నావా? ఎందుకు పెట్టావిలా?" అన్నాను.

ఆయన గొంతు పెంచలేదు. "రాసుకోవాల్సింది తర్వాత రాసుకుందురుగానీ, ఒకసారి వంపు అవతలికి నడిచి చూసి రండి సార్. మనిషి చక్రం కింద ఉన్నాడు."

నడిచి వెళ్ళాను. నలభై అడుగుల దూరంలో ఒక లారీ ఇరుసు దెబ్బతిని ఆగిపోయి ఉంది. దాని కిందనుండి రెండు కాళ్ళు బయటికి కనబడుతున్నాయి. పిలిస్తే పాకుతూ ఇవతలికి వచ్చినవాడు వీరాస్వామి, ముప్ఫై ఏళ్ళ డ్రైవరు. జరిగినదేమిటో బస్సు డ్రైవరు చెప్పాడు. ముందు పోతున్న దేవసహాయం ఉన్నట్టుండి నెమ్మదించాడట. ఆయనను దాటిపోదామని తాను బస్సును పక్కకు తీసేలోపే, ఆయన లారీని రోడ్డుకు అడ్డంగా తిప్పేశాడట. ఆయన అలా తిప్పి ఉండకపోతే ఆ దిగుడులో ఆ వేగాన వచ్చిన బస్సు వీరాస్వామి మీదనుండే పోయేది.

బస్సులోని జనం దిగివచ్చి వీరాస్వామి మీద విరుచుకుపడ్డారు. "ఒక రాయైనా అడ్డం పెట్టవా? మమ్మల్నందర్నీ చంపుదామనుకున్నావా?"

"మండలు వేశానండి. మా అమ్మతోడు. చీలిక దగ్గర నా చేత్తో నరికి వేశాను," అంటున్నాడు వీరాస్వామి.

ఆగిన లారీకి వెనుకగా, వచ్చేవారికి తెలిసేటట్టు పచ్చని కొమ్మలు నరికి రోడ్డు మీద పరచడం లారీవాళ్ళ ఆచారమని నాకు తెలియనిది కాదు. కాని మామిడి ఆకు పరచుకున్న మామిడి సీమలో ఆ గుర్తును నేను గుర్తుగా చూడలేదు. అప్పుడు చూశాను. కోటయ్య నేల చూపులు చూస్తున్నాడు. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. పైగా, జనం చుట్టూ నిలబడి చూస్తుండగా పుస్తకం తీసి రాశాను: "హెచ్చరిక చిహ్నమేదియు నుంచక, మార్గమధ్యమున వాహనమును నిలిపి, పరుల ప్రాణములకు ముప్పు కలిగించినాడు." వాక్యం చక్కగానే కుదిరింది. వీరాస్వామి చేత సంతకం చేయించుకున్నాను. ఆ లారీ బాగుపడేదాకా దేవసహాయం ఎండలో అక్కడే నిలబడి, వచ్చేపోయే బండ్లను ఒక్కొక్కటిగా దాటించాడు. ఆయన కాయ ఎంత వేడెక్కిందో నేను అడగలేదు.

రెండు రోజుల తరువాత జీపు తుడుస్తూ కోటయ్య, "వీరాస్వామిని బండి దింపేశారంటండి. మనం రాసిన కాగితం చూసి ఓనరు ఇంక రావద్దన్నాడంట," అన్నాడు. సీజను నడుమ బండి దిగిన డ్రైవరును ఎవరూ పిలవరు. అజాగ్రత్తపరుడన్న పేరు వచ్చినవాణ్ణి అసలే పిలవరు. మర్నాడు శనివారం. యూనిఫారం లేకుండా దేవసహాయం ఇంటికి వెళ్ళాను.

ఆయన వరండాలో కూర్చుని లోడు మీద కప్పే పట్టాకు చిరుగులు కుడుతున్నాడు. లేచి కుర్చీ వేశాడు. భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్ళింది. గ్లాసు పట్టుకునే చెప్పాను. "ఆ మండలు తీసింది నేను."

"తెలుసండి."

"ఎవరు చెప్పారు? కోటయ్యా?"

"ఆయనెందుకు చెప్తాడండీ. అడ్డమొచ్చిన రొట్టని ఎవడన్నా కాలితో తోసేసి పోతాడు. ఇవి మొదళ్ళన్నీ ఒకవైపుకి పెట్టి, కట్ట కట్టడానికి పేర్చినట్టున్నాయి. కత్తి గాటు మీద సొన ఇంకా తడిగా మెరుస్తంది. సరే, ఇవి ఎవరో ఎవరికోసమో వేసినవి, ఇంకెవరో తీసేశారు, అవతల మనిషున్నాడు అనుకుని బండి స్లో చేశాను. అంత ఒబ్బిడిగా పేర్చేవాళ్ళు ఈ రోడ్డు మీద మీరు తప్ప ఎవరున్నారండీ?"

ఆయన వెక్కిరించడం లేదు. ఉన్నమాట చెబుతున్నాడు.

"మరి ఆ రోజే అనవలసింది కదా?"

సూది పక్కన పెట్టాడు. "ఆ జనంలో నేనంటే మీరు కాదనేవారు. మీ మాట ముందు నా మాటెంత? ఒకసారి కాదన్నాక మీరు దాని మీదే నిలబడిపోవాలి. ఇంక దిగడానికి వీలుండదు. అందుకని టైమిచ్చాను. రేపు గుళ్ళో ఆరాధన అయ్యాక నేనే స్టేషన్‌కి వద్దామనుకుంటన్నా. మీరు ఒకరోజు ముందొచ్చారు."

"ఇప్పుడు ఏం చేయమంటారు?" అన్నాను. ఆయనను 'మీరు' అనడం అదే మొదలు. ఆయన గమనించాడో లేదో తెలియదు.

"నాకు చెప్తే ఏం లాభమండీ? చెప్పాల్సినవాడు ఖాళీగా ఇంట్లో కూర్చునున్నాడు."

సోమవారం పొద్దున్నే, లారీలు లోడుకు నిలిచే స్థలానికి వెళ్ళాను. దేవసహాయం వీరాస్వామిని వెంటబెట్టుకుని వచ్చాడు. వీరాస్వామి యజమాని కూడా ఉన్నాడు. పాతిక ముప్ఫైమంది డ్రైవర్లు టీ గ్లాసులతో చుట్టూ నిలబడ్డారు. నేను మండలు తీసిన సంగతి, తీసి మలుపు దాకా నడవని సంగతి, తెలిసి కూడా వీరాస్వామి మీద రాసిన సంగతి వరసగా చెప్పాను. పై అధికారికి పంపుతున్న రెండవ నివేదిక నకలు యజమాని చేతిలో పెట్టాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, "ఐతే రేపట్నించి బండెక్కరా," అన్నాడు.

వీరాస్వామి కదలలేదు. తువ్వాలు వేళ్ళకు చుట్టుకుంటూ నిలబడ్డాడు. "బండి సంగతి సరేనండి. మా ఆవిడ కూడా నేను మండలు వేయలేదనే అనుకుంటంది. నీ పిల్లలు గుర్తు రాలేదా అని ఐదు రోజులబట్టి అడుగుతంది. ఆవిడకి ఒక మాట మీరు చెప్తారా?"

ఫోను కలిపి ఇచ్చాడు. ఆ అమ్మాయి ముఖం నేను ఎన్నడూ చూడలేదు. "అమ్మా, మీ ఆయన జాగ్రత్తగానే ఉన్నాడు. తప్పు నాది," అన్నాను. నేను నేర్చిన చదువులో అంతకంటె ఘనమైన వాక్యాలు చాలా ఉన్నాయి. అంత అవసరమైనది మాత్రం నేను అంతకు ముందు పలికి ఉండలేదు. అటువైపు నుండి "సరేనండి," అని మాత్రం వినబడింది. ఆ ఒక్క మాట విని వీరాస్వామి ముఖం విప్పారడం చూశాను.

అప్పుడు దేవసహాయం అందుకున్నాడు. "నీదీ తప్పుందిరా వీరాస్వామీ. మామిడి సీజన్లో మామిడి మండ వేస్తే ఎవడికి తెలుస్తుంది? మన రోడ్డుకి అది ముగ్గులాంటిదాయె. తాటిమట్ట వెయ్యాలి. తాటిమట్ట దానంతటది రోడ్డు మీదికి రాదు."

"తాటిచెట్టెక్కి కొట్టుకొచ్చేసరికి బండి బాగైపోద్ది బాబాయ్," అన్నాడు ఎవరో. అందరూ నవ్వారు. ఇంకొకతను ముందుకు వచ్చి, అడ్డం పెట్టిన రాళ్ళు తీయకుండా తాము ఎన్నిసార్లు వెళ్ళిపోయారో చెప్పాడు. ఒకరి తరువాత ఒకరు చెప్పారు. నేను పుస్తకం తీయలేదు. చివరికి ప్రతి లారీలోనూ రెండు తాటిమట్టలు ముందే కట్టి ఉంచుకోవాలనీ, కదిలేటప్పుడు రాయీ మట్టా తీసిపెట్టి మరీ కదలాలనీ వాళ్ళే అనుకున్నారు. నా ఫోను నంబరు అందరూ రాసుకున్నారు.

రెండవ నివేదికకు ఫలితంగా నాకు ఒక మెమో వచ్చింది, రావలసినదే. దానితోపాటు ఫోన్లు రావడం మొదలైంది. "సార్, పాలవ్యాను ఒకటి అటూ ఇటూ పోతోంది, డ్రైవరు తూగుతున్నట్టున్నాడు." "సార్, స్కూలు బస్సు వెనక చక్రం బోల్టులు ఊగుతున్నాయి, నేను పక్కనే పోతూ కేకేస్తన్నాను, వినట్లేదు." తొమ్మిదేళ్ళు ఈ రోడ్ల మీద నేను కాపాడినట్టుగా కాగితాల మీద ఉన్న ప్రాణాలలో ఎక్కువ భాగం నిజానికి ఆ ఎత్తైన సీట్లలో కూర్చున్నవాళ్ళు చూసి చెప్పడం వల్ల నిలిచినవే. వారికి ఎవరూ ప్రశంసాపత్రాలు ఇవ్వలేదు. నా పదవీ విరమణ సభలో ఈ మాట చెబితే కొందరు వినయమనుకున్నారు.

దేవసహాయం చూపు మందగించాక తనంతట తానే బండి దిగాడు. "నాకు కనబడనప్పుడు ఇంకొకడి కళ్ళకి పని పెట్టడం న్యాయం కాదండీ," అన్నాడు. కిందటేడు జబ్బు పడకుండానే, నిద్రలోనే పోయాడు. నేను వెళ్ళేసరికి వీరాస్వామి దంపతులు అక్కడే ఉండి వచ్చినవారికి మంచినీళ్ళు అందిస్తున్నారు. ఆ అమ్మాయిని నేను ముఖాముఖి చూసింది ఆ రోజే. నన్ను గుర్తుపట్టి కుర్చీ చూపించింది.

ఇప్పుడు వెనుదిరిగి చూసుకుంటే, వీరాస్వామి మీద రాసిన ఆ చక్కని వాక్యం తరువాత నేను అటువంటిది మరొకటి రాయలేదు. ఉద్యోగం ముగిసేవరకు నా నివేదికలన్నీ ఒకే వాక్యంతో మొదలయ్యేవి: "దిగి, నడిచి వెళ్ళి చూశాను." అలా రాయడానికి వీలులేని రోజున కలం తీయలేదు. ఈనాటికీ ఇంట్లోగాని, వీధిలోగాని ఎవరి మీదనైనా ఒక మాట నా నోటి దాకా వస్తే, ముందుగా నన్ను నేను అడిగేది అదే: నడిచి వెళ్ళి చూశావా? చాలాసార్లు చూసి ఉండను. అప్పుడు చెప్పులు వేసుకుంటాను.