సంతకం మీద బొటనవేలు

కెప్టెన్ సాబ్ పోయారన్న కబురు పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, మా ఫ్రేముల దుకాణం షట్టర్ ఎత్తుతుండగా వచ్చింది. చెప్పింది పక్క చాయ్ హోటల్ ఆయన. "ఎవరు చెప్పిండ్రు? నువ్వు చూసినవా?" అని అడిగాను. చావు కబురును కూడా తనిఖీ చేసే మనిషిని నేను. ఆయన నన్ను అదోలా చూసి, "దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిండ్రన్నా. నేను చూసే వస్తున్న," అన్నాడు. అప్పుడు నమ్మాను. ఎత్తిన షట్టర్ మళ్లీ దించేశాను.

శంషాబాద్ బస్టాండు దగ్గర ముప్పై ఏళ్లుగా ఫోటోలకూ సర్టిఫికెట్లకూ ఫ్రేములు కడుతున్నాను. ఈ అనుమానపు బుద్ధి నాకు పుట్టుకతో రాలేదు. ఎయిర్‌పోర్టు వచ్చాక భూముల ధరలు పెరిగాయి, వాటితోపాటే దొంగ కాగితాలూ పెరిగాయి. ఎవడో తెచ్చిన దొంగ పట్టాకు లామినేషన్ చేసిచ్చిన పాపానికి ఒక రోజంతా పోలీసు స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాను. ఆనాటి నుంచి ఏ కాగితం వచ్చినా బొటనవేలు నాలుకకు తాకించి, సంతకం చివర ఒకసారి రుద్ది చూడటం అలవాటైంది. రంగుల జిరాక్స్ అయితే సంతకం కదలదు. పెన్నుతో పెట్టిందైతే సిరా కాస్త వేలికి అంటుతుంది. ఈ పరీక్షకు నేను గర్వపడేవాణ్ని కూడా.

కెప్టెన్ సాబ్ మొదటిసారి పదేళ్ల కిందట పాత సైకిల్ మీద వచ్చారు. కాళ్లకు హవాయి చెప్పులు, మోచేతుల దాకా మడిచిన చొక్కా. మామిడిపల్లి వైపు రైతు కుటుంబం. ఒక రేకు గొట్టంలోంచి చుట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచారు. "నా కమీషన్ కాగితం తమ్మి. సిపాయిగ పోయిన. బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు అఫ్సర్‌ను చేసిండ్రు. మా దిక్కు మొదటోన్ని నేనే. కింద రాష్ట్రపతి సంతకముంది, జర పైలం," అని చెప్పి చాయ్ తాగడానికి వెళ్లారు.

నాకు నవ్వొచ్చింది. హవాయి చెప్పుల అఫ్సరా! కాగితం చదివాను. నీ విధేయత మీద, ధైర్యం మీద ప్రత్యేకమైన నమ్మకం ఉంచి నిన్ను సైన్యంలో అధికారిగా నియమిస్తున్నాను అని దాని సారాంశం. నమ్మకం అన్న మాట కనిపించేసరికి నా అనుమానం ఇంకా ముదిరింది. మా దగ్గర మోసపోయిన వాళ్లందరి నోటా వినిపించేది ఆ మాటే. ఇది నకలేనని ముందే తేల్చుకుని, వేలు తడిపి, మామూలు కన్నా గట్టిగా రుద్దాను.

సంతకంలో చివరి సగం నీలంగా అలుక్కుపోయింది.

అసలుదే. అసలుదని తేలిన క్షణంలోనే దాన్ని పాడు చేశాను. దూదితో అద్దబోతే మరక ఇంకా పాకింది. ఆయన చాయ్ గ్లాసు పెట్టేసి వస్తున్నారు. గబుక్కున పైన అట్ట కప్పి, "ఎల్లుండి రండి సాబ్," అన్నాను.

ఎల్లుండి వచ్చారు. ఫ్రేమును రెండు చేతులతో పట్టుకుని వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశారు. నేను తిట్లకు సిద్ధపడ్డాను.

"అద్దం మంచిదేనా?"

"మంచిదే సాబ్."

"ఇగ దీన్ని ఎవ్వరు ముట్టలేరు," అని గోనెసంచిలో చుట్టుకుని వెళ్లిపోయారు. గమనించారా, లేదా? ఆ ప్రశ్న నన్ను చాన్నాళ్లు తొలిచింది.

ఎందుకంటే ఆ తర్వాత ఆయన ప్రతి వారం రావడం మొదలుపెట్టారు. గోడకు వీపు ఆనించి, రోడ్డుకు ఎదురుగా కూర్చునేవారు. చాయ్ సగం సాసర్‌లో పోసి నాకిచ్చేవారు. ఆ సాసర్‌లోనూ నేను ఏదో మతలబు వెతికాను. నా మీద ఫిర్యాదు పెట్టే ముందు నా వాలకం చూసిపోతున్నారేమో అనుకున్నాను. అనుమానంలో ఆయనా తక్కువేం కాదు. దుకాణానికి ఎవరొచ్చినా ఊరూ ఇంటిపేరూ అడగనిదే వదిలేవారు కాదు. భూముల బ్రోకర్లు వచ్చి వెళ్లాక, "కాగితం సదవకుండ సంతకం పెట్టకు తమ్మి. సదివినంక గూడ ఇంటికి పోయి, ఒక నిద్ర తీసి, అప్పుడు పెట్టు," అనేవారు. ఆ మాట వినే మా అన్నదమ్ముల పొలం మాకు మిగిలింది.

ఒకరోజు ఎవరిదో డిగ్రీ సర్టిఫికెట్ మీద సంతకాన్ని పరీక్షించబోతూ వేలు నోటి దగ్గరకు తెచ్చాను. ఆయన ఎదురుగానే ఉన్నారు. "వేలు నోట్లె పెట్టుకోకు, రోగాలొస్తయి," అన్నారు. మరుసటి వారం ఒక భూతద్దం తెచ్చి బల్ల మీద పెట్టారు. "గీంతోని చూడు. ముట్టకు." ఆయనకు అంతా తెలుసని ఆరోజే నాకు అర్థమైంది. క్షమించమని మాత్రం అడగలేకపోయాను.

పదకొండో రోజు వాళ్లింటికి వెళ్లాను. హాల్లో గోడకు అదే ఫ్రేము. ఆయనతో పనిచేసిన పెద్దమనిషి ఒకరు కళ్లజోడు సవరించుకుని, సంతకం మీద ఆ మరకేమిటని అడిగారు. కెప్టెన్ సాబ్ కూతురు తడుముకోకుండా చెప్పింది: "వాన మరక సార్. యుద్ధంల టెంటు కారిందంట. బాపు అందరికి గట్లనే చెప్తుండె." ఆ పెద్దమనిషి నిటారుగా నిలబడి ఆ మరకకు సెల్యూట్ చేశారు.

కెప్టెన్ సాబ్ అబద్ధమాడగా నేనెన్నడూ వినలేదు. నా కోసం పదేళ్లు ఆడారు. ఇక అక్కడ నిలబడలేకపోయాను. పెద్దమనిషి వెళ్లాక, "అది వాన కాదు చెల్లె. నా వేలు," అని మొత్తం చెప్పేశాను. నలుగురిలో ఏడవటం నాకు చేతకాదు, కానీ ఏడ్చాను.

ఆమె నన్ను అనుమానంగానే చూసింది. "బాపు ఉన్నన్ని రోజులు చెప్పక ఇప్పుడెందుకు చెప్తున్నవన్నా?"

"ఆయన ముందట ధైర్యం చాలలే."

ఆమె ఏదో అనబోయింది. అంతలో గుమ్మంలోకి ఇంకో ఇద్దరు పెద్దవాళ్లు వచ్చారు. వాళ్లూ తిన్నగా ఫ్రేము దగ్గరకే వెళ్లారు. వాళ్లూ అదే అడిగారు. ఆమె ఒక్క క్షణం నా వైపు చూసింది.

"వాన సార్," అంది. "యుద్ధంల టెంటు కారిందంట."

అని, చీర కొంగుతో ఆ మరక ఉన్న చోట అద్దాన్ని మెల్లగా తుడుస్తూ నిలబడింది.