సాక్సు కింది పాలపిట్ట

ఉద్యోగం లేని వయసులో మనిషికి తెలివి ఎక్కువగా ఉంటుందని నా నమ్మకం. నా మటుకు నాకు ఆ రోజుల్లో ఉన్నంత తెలివి మళ్లీ ఎప్పుడూ లేదు. సిడ్నీలో చదువు ముగించి, పెండిల్ హిల్‌లో అక్కా బావల ఇంట్లో ముందుగది ఆక్రమించి, వాళ్ల పసివాడికి పెరుగన్నం తినిపిస్తూ, ఇంటికి వచ్చిన ప్రతివాళ్ల మాటా సరిదిద్దుతూ కాలక్షేపం చేసేవాణ్ణి. వీసా గడువు మాత్రం దగ్గరపడుతోంది. చివరికి వెస్ట్‌మీడ్‌లో ఒక ల్యాబు నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. అది పోతే పెట్టె సర్దుకోవడమే. ఆ ఇంటర్వ్యూ కాస్తా సరిగ్గా దసరా మధ్యాహ్నం పడింది.

మా బావది వరంగల్. దసరానాడు పాలపిట్టను చూస్తేనే తలపెట్టిన పని అవుతుందని ఆయన పట్టు. ఆ పిట్ట ఈ దేశంలో ఉండదని నేను పుస్తకాలన్నీ చదివినవాడిలా చెప్పాను (ఒక్కటీ చదవలేదు). "పిట్టకు వీసా కావాల్నారా? ఎగిరొస్తది, నడువు" అని పొద్దున్నే నన్ను కారెక్కించాడు.

ఇక్కడ ఆ కారు సంగతి కొంచెం చెప్పాలి. కొన్ని వారాలుగా ఒక బుల్లి నీలం పిట్ట దాని పక్క అద్దం మీద వాలి, ముక్కుతో టకటకా పొడిచి, తలుపు పొడవునా రెట్టలు వేసి పోతుండేది. దాన్ని బావ తిట్టని తిట్టు లేదు. చివరికి కారు ఇంటి దగ్గరున్నంతసేపూ అద్దాలకు పాత సాక్సులు తొడగడం మొదలుపెట్టాడు (సాక్సులు నావి, ఉతికినవేనా అని అడగకండి). దాంతో పీడ విరగడైంది.

ఆ పూట వాగు ఒడ్డులూ పార్కులూ అన్నీ గాలించాం. నీలంగా ఏది కదిలినా బావ బ్రేకు వేసేవాడు. ఒకచోట అది ఎవరో ఆరేసుకున్న తువ్వాలు. రంగురంగుల చిలకలు గుంపులుగా కనబడ్డాయి. ప్రతిదానికీ నేను "అది కాదు బావా" అంటూ వచ్చాను. గూడు కాపలా కాస్తున్న నలుపూ తెలుపూ మాగ్‌పై పిట్ట ఒకటి వెనకనుంచి వచ్చి ఆయన నెత్తిమీద తన్ని పోయింది. అప్పుడూ "అది కాదు బావా" అన్నాను. ఆయన నెత్తి తడుముకుంటూ కారు ఇంటివైపు తిప్పాడు. నిజం చెప్పొద్దూ, నమ్మనంటూనే దారి పొడవునా నేనూ కిటికీలోంచి నీలం కోసం వెతుకుతూనే ఉన్నాను.

ఇల్లు చేరగానే బావ అలవాటు కొద్దీ అద్దాలకు సాక్సులు తొడిగాడు. నేను టై కట్టుకుని బయటికి వచ్చేసరికి అక్క పసుపు కుంకుమలతో కారు దగ్గర నిలబడి ఉంది. పండుగపూట బండికి బొట్టు పెట్టకుండా కదలనివ్వనంది. అద్దానికి కూడా పెట్టాలని సాక్సు లాగింది. అంతే, కంచెలోంచి మా పాత శత్రువు దూసుకొచ్చి అద్దం మీద వాలింది. నీలం టోపీ, నీలం చెంపలు, నిక్కబొడుచుకున్న తోక. బావ అదిలించబోయి, చెయ్యి మధ్యలోనే ఆపాడు. తర్వాత రెండు చేతులూ జోడించి నావైపు చూశాడు.

పాలపిట్ట పావురమంత ఉంటుంది. ఇది బొటనవేలికి కాస్త పెద్ద. "అది కాదు బావా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"జర చిన్నగున్నది గని, నీలమే గదరా?" అన్నాడు బావ, మెల్లగా.

"నీలమే బావా" అని నేనూ చేతులు జోడించాను. ఉద్యోగం వచ్చింది (ఇంటర్వ్యూలో పిట్టల గురించి ఏమీ అడగలేదు).

అక్కావాళ్ల పసివాడు ఇప్పుడు యూనివర్సిటీకి వెళుతున్నాడు. నాకూ ఒక ఇల్లుంది, పెరడుంది. ఏటా దసరా పొద్దున ఆ పెరట్లో ఒక అద్దం పెడతాను. మొన్న పండక్కి మా అమ్మాయి పక్కన నిలబడి, స్కూల్లో నేర్చుకున్నదంతా నాకు పాఠం చెప్పింది. దాని పేరు ఫెయిరీ రెన్ అట. నీలంది మగదట, అద్దంలో తన బొమ్మనే చూసి, పొద తనదంటూ ఎవడో వచ్చాడని పోట్లాడుతుందట. పక్కన గెంతే గోధుమరంగువి, నేను ఇన్నాళ్లూ పిచ్చుకలనుకున్నవి, దాని ఇంటివాళ్లేనట. పోయినేడు పుట్టిన పిల్లలు కొన్ని ఇల్లు వదలకుండా ఉండి, కొత్త పిల్లలకు మేత తినిపిస్తాయట. పెరుగన్నం గిన్నె గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు.

ఇంతలో పిట్ట వచ్చి అద్దం మీద వాలింది. నేను చేతులు జోడించాను. "దట్స్ నాట్ ఇట్, నాన్నా" అంది మా అమ్మాయి, అచ్చం ముందుగదిలోని ఆ తెలివైనవాడి గొంతుతో.

"జర చిన్నగున్నది గని, నీలమే గదమ్మా" అన్నాను.