సగం గీసిన గడ్డం

బస్సు మెట్టు మీంచి జారి పడ్డప్పుడు ఆమెకు మొదట గుర్తొచ్చింది చెయ్యి కాదు, గడ్డం.

కుడి మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు. చుట్టూ మూగిన వాళ్ళలో ఒకరు నీళ్ళు తాగమంటున్నారు, ఇంకొకరు ఆటో పిలుస్తున్నారు. ఆమె మాత్రం, రేపు పొద్దున గీసుకునేదెలా అని ఆలోచిస్తోంది. వినేవాళ్ళకు నవ్వొస్తుందేమో. ఇరవై ఏళ్ళుగా ఆమెకు తెల్లవారడమంటే అదే మరి.

ఆమె కళ్ళజోళ్ళ షాపులో పన్నెండేళ్ళుగా పనిచేస్తోంది. వచ్చేపోయే వాళ్ళంతా అద్దాలక్క అంటారు. ఎదుటి మనిషి కనుపాపల మధ్య దూరం కొలవడం, ముక్కు మీద ఫ్రేము నిలిచేలా ప్యాడ్లు సర్దడం, చెవుల వెనక కాడలు నొప్పి పెట్టకుండా వంచడం ఆమె పని. అందులో ఆమెను మించినవాళ్ళు ఆ బజారులో లేరు. అయితే ఆ పని జానెడు దూరం నుంచి చేసేది. ఆమె ఎదుటివాళ్ళ ముఖాన్ని ఎంత దగ్గరగా చూస్తుందో, వాళ్ళూ ఆమె ముఖాన్ని అంత దగ్గరగా చూస్తారు. అద్దాలు పెట్టగానే మరీ స్పష్టంగా చూస్తారు.

అందుకని రోజూ అయిదింటికే లేచేది. వేడినీళ్ళలో ముంచిన తువ్వాలు చెంపలకు అదిమి పట్టి, వెంట్రుకలు మెత్తబడేదాకా ఆగేది. చిక్కగా నురుగు పట్టించి ముందు వాలుకు గీసేది. కడుక్కుని, మళ్ళీ నురుగు రాసి, చర్మం లాగి పట్టుకుని ఎదురు గీసేది. దవడ కింద ఒకచోట వెంట్రుకలు సుడి తిరిగి ఉంటాయి. అక్కడ ఏది వాలో ఏది ఎదురో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు, వేలితో తడుముకుంటూ పోవాల్సిందే. చివర్లో పటిక. చికిత్స కోసం డాక్టర్ల చుట్టూ రెండేళ్ళు తిరిగితే సగం వెంట్రుకలు చచ్చాయి. మిగతా సగం ఆమెకన్నా మొండివి. కరెంటు మిషన్లు కొని చూసింది. అవి పొద్దున గీస్తే మధ్యాహ్నం భోజనం వేళకే బూడిదరంగు నీడ తేలేది. బ్లేడు తప్ప గతి లేదు.

ఆసుపత్రిలో ఆరు వారాల కట్టు వేశారు. మోచేతి నుంచి బొటనవేలి దాకా.

మొదటిరోజు ఎడమచేత్తో ప్రయత్నించింది. మూడు గాట్లు పడ్డాయి. రెండోరోజు అమ్మ వచ్చింది, నేను గీస్తానంటూ. అమ్మకు డెబ్భై దాటాయి, చేతులు వణుకుతాయి. బ్లేడు పట్టుకుని కూతురి గడ్డం కింద చెయ్యి పెట్టి కాసేపు చూసింది.

"మీ నాన్నకు కూడా ఎప్పుడూ గీయలేదే తల్లీ."

"వద్దులే అమ్మా. గొంతు తెగితే నీకే చుట్టుకుంటుంది."

"చెయ్యి విరిగింది గానీ నోటికి ఏ లోటూ రాలేదు" అంటూ అమ్మ బ్లేడు కింద పెట్టేసింది. పెట్టేసి, ఆ వణికే చేతుల్ని చీర కొంగులో దాచుకుంది. అది చూసి ఆమెకు ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు. మెట్టు మీద వచ్చింది, బస్సు మీద వచ్చింది, తన ముఖం మీద వచ్చింది.

షాపు యజమాని రెండ్రోజులు చూశాడు. మూడోరోజు, కట్టుతో ఫ్రేమును బల్లకు అదిమి ఎడమచేత్తో స్క్రూ బిగిస్తున్న ఆమె దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"పని గురించి నేనేం అనటంలేదమ్మా. కానీ కస్టమర్లు మొహం చూసి కదా వచ్చేది. నీటుగా ఉండగలిగితే ముందు కూర్చో. లేదంటే చెయ్యి బాగయ్యేదాకా లోపల కళ్ళద్దాలు అరగదీసే గదిలో ఉండు."

నిన్న ఈయనగారే నాలుగు రోజుల గడ్డంతో గల్లా ముందు కూర్చున్నాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. సాయంత్రం బస్సులో నిలబడి, మింగినందుకు తనను తానే తిట్టుకుంది.

మర్నాడు సెలవు పెట్టి, వీధి చివరి బ్యూటీ పార్లరుకు వెళ్ళింది. అద్దాల తలుపు, లోపల పూల వాసన. కుర్చీలో కూర్చున్న పెళ్ళికూతురిలాంటి అమ్మాయికి ఒకామె కనుబొమలు సరిచేస్తోంది. ముందున్న మేడమ్ కట్టును చూసి జాలిపడింది. విషయం చెప్పాక ముఖం చూసి జాలి వెనక్కి తీసుకుంది.

"ఇక్కడ లేడీస్‌కేనండీ."

"నేనూ లేడీనే కదండీ."

"అంటే..." మేడమ్ మాటకోసం వెతుక్కుంది. "ఒరిజినల్ లేడీస్‌కి."

నెయ్యి కొనేటప్పుడు అసలుదా కల్తీదా అని అడిగినట్టు అడుగుతోందే ఈవిడ, అనుకుంది అద్దాలక్క. అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా అక్కడ అరిస్తే, ఆ అరుపు ఏ గొంతుతో వస్తుందో ఆమెకు తెలుసు. కోపం వచ్చినప్పుడు గొంతు మాట వినదు. మెల్లగా తలుపు వేసి మరీ బయటికొచ్చింది.

ఇక మిగిలింది మగవాళ్ళ సెలూన్. ఇరవయ్యేళ్ళ వయసులో చివరిసారి అలాంటి కుర్చీలో కూర్చుని, ఇంక ఈ జన్మలో కూర్చోనని లేచి వచ్చింది. ఏ గడ్డాన్ని నాలుగు గోడల మధ్య, తలుపు గడియ పెట్టి, లోకం లేవకముందే చెరిపేసుకుంటూ వచ్చిందో, దాన్ని ఇప్పుడు తీసుకెళ్ళి నలుగురి మధ్య ట్యూబులైటు కింద పెట్టాలి. సందు మొదట్లో రెండుసార్లు వెనక్కి తిరిగింది. మూడోసారి, కళ్ళద్దాలు అరగదీసే గది గుర్తొచ్చి ముందుకు నడిచింది.

రెండు కుర్చీల చిన్న సెలూన్ అది. మొదటి కుర్చీలో ఒక బ్యాంకు క్యాషియరుకు ఓనరే స్వయంగా జుట్టు కత్తిరిస్తున్నాడు. రెండో కుర్చీ దగ్గర బట్టతల పనివాడు ఖాళీగా ఉన్నాడు. బెంచీ మీద పేపరు చదువుతూ ఒకాయన. ఆమె చీర చూసి, పిల్లాణ్ణి జుట్టు కత్తిరించడానికి ఎప్పుడు తీసుకురావచ్చో అడగడానికి వచ్చిందనుకున్నారు. కట్టు చూపించి, ఎందుకొచ్చిందో పనివాడికి చెప్పింది. అతను ఒక్క క్షణం ఆమె ముఖం కేసి చూసి, కుర్చీ దులిపాడు.

"కూర్చో అమ్మా."

ఆ "అమ్మా" వినడానికి ఆమె సిద్ధంగా లేదు. కూర్చుంది. అతను ఆమె కళ్ళముందే కొత్త బ్లేడు విరిచి కత్తికి ఎక్కించాడు. వేడినీళ్ళు, బ్రష్షు, నురుగు. మంచి చెయ్యి. కుడి చెంప వాలుకు గీశాడు, మళ్ళీ నురుగు రాసి ఎదురు గీశాడు. ఆమె కళ్ళు మూసుకుంది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి భుజాలు దిగాయి.

అప్పుడు పక్క కుర్చీలోంచి క్యాషియరు గొంతు వినబడింది. అద్దంలో ఇందాకట్నుంచీ చూస్తున్నట్టున్నాడు.

"ఏమయ్యా, ఎవరు పడితే వాళ్ళకి గీసేస్తారా ఇక్కడ? రేపు అదే కత్తి నా మెడ మీద పెడతారు."

బెంచీ మీది ఆయన పేపరు వెనక కిసుక్కున నవ్వాడు. ఓనరు కత్తెర ఆగింది.

"ఆపవయ్యా" అన్నాడు పనివాడితో. తర్వాత ఆమెతో, "లే. డబ్బులేం వద్దులే, వెళ్ళిపో."

"సగమే అయింది."

"అయినంత చాలు."

"సగం ముఖంతో ఎక్కడికెళ్ళమంటారు?"

"ఎక్కడికైనా వెళ్ళు. మా షాపులోంచి వెళ్ళు."

ఆమె అద్దంలో చూసుకుంది. ఒక చెంప నున్నగా ఉంది. ఇంకో చెంప తెల్లటి నురుగు. దాని కింద నాలుగు రోజుల గడ్డం. మెడ చుట్టూ ఎవరెవరి జుట్టో అంటుకున్న గుడ్డ. సిగ్గు రావాల్సిన చోట సిగ్గు రాలేదు. నాలుగు రోజులుగా, కాదు, ఇరవై ఏళ్ళుగా మింగిన మాటలన్నీ ఒక్కసారి గొంతులోకొచ్చాయి. ఏ గొంతుతో వస్తే ఆ గొంతుతో రానీ అనుకుంది.

"క్యాషియరుగారూ," అంది, తల తిప్పకుండా అద్దంలోనే ఆయన్ని చూస్తూ. "మీ ముక్కు మీది అద్దాలు ఎవరు బిగించారో గుర్తుందా? ఎడమ చెవి కొంచెం కిందికుంది మీకు. మూడుసార్లు కాడ వంచి సరిచేశాను. పావుగంట నా చేతులు మీ చెవుల వెనకే ఉన్నాయి. అప్పుడు అంటుకోనిది ఇప్పుడు కత్తికి అంటుకుందా?"

క్యాషియరు చెయ్యి తెలియకుండానే చెవి దగ్గరికి వెళ్ళింది. ముఖం కందిపోయింది. "నాకిక్కడ పని లేదు" అంటూ గుడ్డ లాగేసుకుని లేచాడు. తల ఒకవైపే కత్తిరించి ఉంది. రెండోవైపు జుట్టు చెవి మీద పడుతోంది.

"కూర్చోండి సార్," అంది ఆమె. "సగం తలతో బయటికెలా వెళ్తారు?"

ఆయన అద్దంలో చూసుకున్నాడు. కూర్చున్నాడు. ఈసారి పనివాడు కిసుక్కుమనబోయి, ఓనరు కళ్ళు చూసి దగ్గుగా మార్చుకున్నాడు.

"దాన్ని ముట్టుకుంటే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాడు ఓనరు అతనితో. పనివాడు కత్తి బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇంట్లో తినే నోళ్ళు ఉన్న మనిషి. అతని మీద ఆమెకు కోపం రాలేదు.

లేవలేదు ఆమె. ఓనరు కుర్చీ పట్టుకుని కుదిపాడు. పోలీసుల్ని పిలుస్తానన్నాడు.

"పిలవండి. గడ్డం గీసే షాపుకొచ్చి గడ్డం గీయమందని రాయించండి."

క్యాషియరు తల పూర్తయింది. ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. బెంచీ మీది ఆయన కూడా, నవ్వుకోవడానికి ఇంకేం లేదనుకున్నాడేమో, పేపరు మడిచి లేచాడు. కొత్తగా ఒకరిద్దరు గుమ్మం దాకా వచ్చి, లోపల పరిస్థితి చూసి అట్నుంచి అటే వెళ్ళిపోయారు. నురుగు ఎండి చెంప మీద చర్మం బిగుసుకుపోతోంది. దురద. ఆమె ఎడమచెయ్యి కుర్చీ పిడిని వదల్లేదు.

అరగంట అయింది. నాలుగో కస్టమరు కూడా వెనక్కి తిరగడంతో ఓనరు కత్తెర విసిరికొట్టి, కత్తి అందుకున్నాడు. బ్రష్షు తడిపి విసురుగా నురుగు రాశాడు.

తనను అసహ్యించుకునే మనిషి చేతిలో కత్తి. తన మెడ పైకెత్తి ఉంది. భయం వేయలేదంటే అబద్ధం. అయినా కళ్ళు మూసుకోలేదు.

"ముందు వాలుకు. తర్వాత ఎదురు" అంది. "దవడ కింద సుడి ఉంది, చూసుకోండి."

"నువ్వు నాకు నేర్పక్కర్లేదు."

"నేర్పటంలేదు. మధ్యలో ఆపేస్తారేమోనని చెప్తున్నా."

మొదటి నాలుగు గీతలు కోపంతో గీశాడు. తర్వాత, పాపం, చెయ్యి ఊరుకోలేదు. పాతికేళ్ళ చెయ్యి అది. సుడి దగ్గరికొచ్చేసరికి ఆగి, వేలితో తడిమి, చర్మం పక్కకు లాగి, నాలుగు దిక్కుల నుంచీ చిన్నచిన్న గీతలు గీశాడు. పటిక రుద్దాడు. ఒక్క చుక్క నెత్తురు రాలేదు.

ఆమె ఎడమచేత్తో దవడ తడుముకుంది. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ ఇంత నున్నగా లేదు. సంతోషం రావాలి. అది రాకుండా, ఇందాకటికన్నా ఎక్కువ మంట లేచింది. ఇంతేనా? పది నిమిషాల పని. ఏ మగాడైనా కునుకు తీస్తూ చేయించుకుపోయే పని. దీనికోసం తను పోలీసుల మాట పడాలా, అరగంట ఎండిన నురుగుతో కూర్చోవాలా?

వద్దన్నా డబ్బు గల్లా మీద పెట్టింది.

"మళ్ళీ రాకు" అన్నాడు ఓనరు.

"ఎల్లుండి వస్తాను."

ఎల్లుండి వెళ్ళేసరికి గుమ్మానికి కొత్త బోర్డు వేలాడుతోంది. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. "మగవారికి మాత్రమే". ఆమె చదివింది. లోపలికి తొంగిచూసింది.

"పార్లరామె నేను ఆడదాన్ని కాదంటుంది. మీరేమో మగాణ్ణి కాదని బోర్డు రాయించారు. చూడబోతే మీరే నయం. నేను చెప్పేది నమ్మింది మీరొక్కరే."

పనివాడు ఈసారి దగ్గలేదు, బాహాటంగానే నవ్వాడు. ఆమె బోర్డు కింద నుంచే లోపలికి వెళ్ళి, రెండో కుర్చీలో కూర్చుని, కట్టు ఒళ్ళో పెట్టుకుంది. గుడ్డ కప్పింది ఓనరే. ఆ తర్వాత పనివాడికి వదిలేశాడు.

ఆరు వారాలు రోజు విడిచి రోజు వెళ్ళింది. ఆ ఆరు వారాల్లో ఓనరు మనసు మారిందని, వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరిందని ఎవరైనా చెప్తే నమ్మకండి. అతను ఒక్కసారి కూడా ఆమెను పలకరించలేదు. ఆమె ఒక్కసారి కూడా అతనికి నవ్వు ముఖం చూపించలేదు. బోర్డు అలాగే ఉంది.

కళ్ళజోళ్ళ షాపులో ఆమె ముందు సీటులోనే ఉంది. కట్టు విప్పించుకుని వచ్చిన రోజు యజమాని మెచ్చుకోలుగా అన్నాడు, "చూశావా, నేనా మాట అన్నాను కాబట్టే ఇంత నీటుగా తయారయ్యావు."

ఈసారి మింగలేదు.

"మీరా మాట అన్నందుకు నేను ఎక్కడెక్కడ ఏమేం పడ్డానో మీకు తెలీదు. ఇంకోసారి నా మొహం గురించి మాట్లాడితే, ముందు మీరు గీసుకుని రండి."

ఆయన చెయ్యి తన గడ్డం మీదికి వెళ్ళింది, గరగరమంది. పనిలోంచి తీసేస్తాడేమో అనుకుంది. తీసెయ్యలేదు. ముఖం మాడ్చుకుని గల్లా దగ్గరికి పోయాడు.

మర్నాడు పొద్దున తనే గీసుకుంది. ఆరు వారాలు కదలని మణికట్టుకు బలం లేదు. బ్లేడు జారింది, పెదవి కింద గాటు పడింది, గంటంబావు పట్టింది. గీసినంతసేపూ పార్లరు మేడమ్‌నూ, క్యాషియరునూ, ఓనరునూ, యజమానినీ వరసపెట్టి తిడుతూనే ఉంది. గోడ అవతల అమ్మకు అంతా వినబడింది.

"ఇంకా తగ్గలేదా కోపం?" అంది అమ్మ, ఆమె బయటికి రాగానే.

"లేదు."

"తగ్గించుకోమని ఎవరన్నారు. అన్నం చల్లారిపోతోంది, తిని కోప్పడు."

పీట వాల్చుకుని కూర్చుంది. కుడిచేత్తోనే కలుపుకుంది, నొప్పిగా ఉన్నా.