రేడియో మోసేవాడి ఇంటి నుంచి టెలిగ్రాం

నేను ఏడో తరగతితో బడి మానేశాను. ఎనిమిదో తరగతి నన్ను రమ్మనలేదు, నేనూ బతిమాలలేదు. కొత్తకోట రోడ్డు పక్కన లారీల షెడ్డులో స్పానర్ పట్టాను. అక్కడ చేతికంటే నోటికే పని ఎక్కువ. ఆ నోరు చేసిన పని ఒకటి చెప్పాలి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా పెద్దమ్మ కొడుకు సెలవు మీద సొంతూరు తెలకపల్లి పోతూ షెడ్డు ముందు దిగాడు. సైన్యంలో ప్రత్యేక దళాల్లో ఉండేవాడు.

"ఏందన్నా, కమాండోలు ఎంతమంది పోతరు మీరు? పెండ్లి బస్సంత ఉంటరా?"

నవ్వి, నేల మీద ఆరు బోల్టులు పేర్చాడు. ఆరుగురు ఒక జట్టు. ఒకడు రేడియో మోస్తాడు, అది అన్న పని; ఒకడు గాయాలకు కట్టు కడతాడు, ఒకడు పేలుడు సామాను చూస్తాడు. ఎవరైనా లేకపోతే ఇంకొకడు అందుకోవాలి కాబట్టి అందరూ రెండేసి పనులు నేర్చుకుంటారు. జట్లు కలిస్తే ట్రూపు, ట్రూపులు కలిస్తే టీము, టీములన్నీ కలిస్తే బెటాలియన్.

"మరి బెటాలియన్లన్నిటికీ పెద్దమనిషెవరు?"

"గదే లేదురా. ఒక్కోటి ఒక్కో జనరల్ కింద ఉంటది. అన్నిటిని ఒక్క కమాండ్ కిందికి తెస్తమంటరు. అంటనే ఉన్నరు."

"అంటే మన తాత ఇల్లే గదన్నా! వాకిలొకటి, పొయ్యిలు నాలుగు."

నవ్వు ఆగాక మెల్లగా అన్నాడు. "అమ్మకైతే స్టోర్ల బియ్యం మూటలు చూస్కుంటనని చెప్పిన. నోరు జర పైలం, తమ్మీ."

నెల తిరగలేదు. అన్న అప్పటికే సెలవైపోయి వెళ్లిపోయాడు. శ్రీరంగాపూర్ గుడి దగ్గర మా అక్క కొడుకు పుట్టువెంట్రుకల విందు. భోజనాల బంతిలో కూర్చున్న ఆరుగురిని పట్టుకుని అన్న వాళ్ల కమాండో జట్టును తయారు చేశాను. పొట్ట పెద్దగా ఉన్న మా మామకు పేలుడు సామాను అప్పగించాను. బంతంతా పడి నవ్వింది.

వడ్డిస్తున్న పెద్దమ్మ ఆగింది. "మరి నా కొడుకేందిరా?"

"రేడియో, పెద్దమ్మా! దుష్మన్‌గాడు ముందుగాల వాణ్నే కొడ్తడు."

ముందు వాణ్నే కొడతారని మా అన్న నాకు చెప్పలేదు. నవ్వు కోసం నేనే కల్పించాను. పెద్దమ్మ చేతిలోని పప్పు గిన్నె కింద పెట్టేసింది.

మూడో రోజు బస్సెక్కి షెడ్డుకు వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. "నాకు సీరియస్ అని టెలిగ్రాం కొట్టు బిడ్డా. వాడు రావాలె."

మా వైపు సైన్యంలో కొడుకున్న ప్రతి ఇంటికీ ఆ టెలిగ్రాం తెలుసు. కొడుక్కి సెలవు దొరకాలని కోతలకు కొడతారు, పెళ్లిళ్లకు కొడతారు. బంతిలో నేనన్నది ఉత్త జోకు అని ఒక్క మాట చెబితే సరిపోయేది. కల్లలాడానని ఒప్పుకోలేక వనపర్తి పోయి టెలిగ్రాం ఇచ్చాను.

నాలుగో రోజుకు అన్న వచ్చాడు. రైల్లో కంటిమీద కునుకు లేదట. తల్లి అరుగు మీద కూర్చుని పల్లికాయ ఒలుస్తోంది. ఆమెను చూసి, సంచి దించి పక్కనే అరుగు మీద కూర్చున్నాడట.

వారం తర్వాత షెడ్డు పక్కనున్న ఎస్టీడీ బూత్ నుంచి యూనిట్‌కు ఫోన్ చేశాడు. చాలాసేపు విన్నాడు. బయటికి రాగానే నేను అలవాటుగా, "ఏందన్నా, ఫోన్ల పెండ్లి సంబంధం మాట్లాడినవా?" అన్నాను.

"మా జట్టు ఆపరేషన్‌కు పోయిందంటరా. నా రేడియో ఇంకొకడు మోసిండు. కొండల దిక్కు పహాడీ పిలగాడు, మొన్ననే పెండ్లయింది. బతికిండు. కాలు తీసేసిండ్రు."

నా తప్పంతా చెప్పేశాను, బంతిలో అన్న మాట కూడా. తిడతాడనుకున్నాను. "అమ్మకు కాలు ముచ్చట చెప్పకు," అని మాత్రం అనేసి బస్సెక్కాడు.

ఇన్నేళ్లయినా పెద్దమ్మకు ఆ కాలు సంగతీ, నా జోకు సంగతీ చెప్పలేదు. తెలకపల్లి పోయినప్పుడల్లా పెద్దమ్మ నా పళ్లెంలో అందరికంటే ఎక్కువ నెయ్యి వేస్తుంది. "నువ్వు ఆనాడు టెలిగ్రాం కొట్టకుంటే నా కొడుకు దక్కునా?" అంటూ తల నిమురుతుంది. అక్కడ నాకు ఒక్క జోకూ రాదు. వేసినదంతా తలవంచుకుని తింటాను.