గడకు కట్టిన ఎర్రచీర

నిన్న మా కోడలు ఫోనులో ఒక ప్రకటన చూపించింది. ఎక్కడో కొండల్లో విడిదట, గేటు దగ్గరే ఫోన్లు తీసేసుకుంటారట, ఇక మూడు రోజులు ప్రశాంతతేనట. పోదామా అత్తమ్మా అంది. ఆ ప్రశాంతత నేనొకసారి రుచి చూశాను.

నాలుగేళ్ల కిందటి మాట. ఎప్పుడూ ఆ డబ్బా ముఖం చూడ్డమేనా అని మా ఆయన దెప్పితే పౌరుషం పొడుచుకొచ్చి, ఫోను రాయచూరు ఇంట్లోనే బీరువాలో పడేసి చిన్నమ్మ దగ్గరికి పోయాను. ఆమె ఉండేది కృష్ణ నడుమ గడ్డ మీద. ఉన్నవి రెండే ఇళ్లు, పక్కవాళ్లు ఆ వారం ఊళ్లో లేరు. నది దాటాలంటే బుట్టలాంటి గుండ్రటి పడవ, పుట్టి, అదే గతి; దాన్ని నడిపేది చిన్నమ్మ ఒక్కగానొక్క కొడుకు, నాకు తమ్ముడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ వాడి జేబులోనే తిరిగేది. మొదటిరోజు నా చెయ్యి ఊరికే ఫోను కోసం తడుముకునేది. రెండోరోజుకు జొన్నరొట్టె, పుంటికూర, మధ్యాహ్నం కునుకు, నిజం చెప్పొద్దూ, హాయిగానే ఉంది.

మూడోరోజు పొద్దున తమ్ముడు ఎరువు బస్తాల కోసం అవతలి గట్టుకు పోయాడు. వాడు పోయాక పై ఆనకట్ట నుంచి నీళ్లొదిలారు. చూస్తుండగానే నది ఎర్రబడి గట్టు మీదికి పాకింది. ఇంత నీళ్లలో వాడు రాడులే, అక్కడే ఉండిపోతాడని చిన్నమ్మ నిమ్మళంగానే ఉంది. నేను స్నానం చేసి, గాలి బాగా తగులుతుందని, తడిపిన ఎర్రచీరను ఒడ్డున పాతిన పొడుగాటి గడకు కట్టి వచ్చాను.

చిన్నమ్మ బయటికొచ్చి చూసి కొయ్యబారిపోయింది.

"ఆ గడకు ఎర్రచీర ఎందుకు కడితివే? ఎవరికన్న పానం మీదికొస్తెనే కడ్తరు గదనే."

ఇద్దరం పరుగెత్తి చీర లాగేశాం. అప్పటికే అది చూసి బయల్దేరిన తమ్ముడి పుట్టి నడినీళ్లలో ఉంది, గిరగిరా తిరుగుతూ. రావద్దని అరిస్తే ఆ హోరులో మా గొంతు మాకే వినబడలేదు. నా దగ్గర ఫోనుంటే వాడు ఏమైందని ఒక్కమాట అడిగి ఆగిపోయేవాడు కదా! నేను అక్కడే కూలబడ్డాను. చిన్నమ్మ నిలబడే ఉంది. నన్ను తిట్టనైనా తిట్టలేదు, దాంతో నాకు భయం ఇంకా ఎక్కువైంది. పుట్టి ఒక పక్కకు ఒరిగింది. తర్వాత కనబడలేదు.

ఎంతసేపటికో దిగువన కంపచెట్లలోంచి వాడు ఉరికొచ్చాడు, ఒళ్లంతా గీరుకుపోయి.

"ఎవరికేమైందక్కా?"

చేతిలోని తడిచీర చూపించాను. వాడు చీర వంకా నా వంకా చూసి, కింద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చిన్నమ్మ నా చేతిలోంచి ఆ చీర తీసుకుని వాడి తల తుడిచింది.

విడిదిలో కాలం నెమ్మదిగా నడుస్తుందని ఆ ప్రకటన కింద రాసి ఉంది. నడుస్తుంది తల్లీ, నడవకేం. పుట్టి కనబడకుండా పోయిన ఆ కాసేపు నాకు ఇంకా పూర్తిగా గడవనే లేదు.